తడి ట్రాకు, పొడి లెక్క

బిలాస్‌పూర్‌లో రేసుకోర్సు లేదు. ఛత్తీస్‌గఢ్ మొత్తంలోనే గుర్రప్పందేలు నడిపే టర్ఫ్ క్లబ్బు లేదు. అలాంటప్పుడు ఈ రైల్వే ఊరి తెలుగువాళ్ల ముందు గుర్రప్పందేల సంగతి, అందులోనూ వాన పడ్డ ట్రాకు మీద కాసే పందేల సంగతి ఎందుకు ఎత్తుకున్నట్టని మీరు అడగవచ్చు. పందెం కాయడానికి ఇవాళ రేసుకోర్సు దాకా వెళ్లక్కర్లేదు, జేబులో ఫోను చాలు అన్నది ఒక జవాబు. అంతకంటే ముఖ్యమైన జవాబు ఇంకొకటి ఉంది. వానతో వేగటం ఈ ఊరికి ఉద్యోగంలో భాగం. జూన్ నడిమి నుంచి సెప్టెంబరు చివరిదాకా పట్టాల కింద మట్టి ఎలా మారుతుందో, తడిసిన పట్టా మీద చక్రం ఎలా జారుతుందో తెలిసిన కుటుంబాలు ఇక్కడి రైల్వే కాలనీల నిండా ఉన్నాయి. వాన గురించి నిజంగా తెలిసినవాళ్లు ఆ తెలివిని ఎలా వాడతారో, పందెంరాయుళ్లు ఎలా వాడతారో పక్కపక్కన పెట్టి చూడటానికి ఇంతకంటే తగిన చోటు నాకు తోచలేదు. పందెం కాసేవాళ్లలో ఒక గట్టి నమ్మకం ఉంది: ఎండ రోజున అందరి తెలివీ ఒకటే, వాన పడితే మాత్రం తెలిసినవాడికి పంట పండుతుంది అని. ఈ నమ్మకంలో మొదటి సగం దాదాపు నిజం. రెండో సగమే జేబుకు చిల్లు పెడుతుంది.

మన దేశంలో గుర్రప్పందేలకూ వానకూ ఉన్న పొత్తు చిన్నది కాదు. హైదరాబాదు సంగతే చూడండి. నిజాం ఏలుబడిలో 1868లో మౌలాలిలో పందేలు మొదలయ్యాయి. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వాటిని తన భవనానికి దగ్గరగా మలక్‌పేటకు మార్చాడు. ఇప్పుడక్కడ నడుస్తున్న హైదరాబాద్ రేస్ క్లబ్బు 1961లో ఏర్పడింది. ఏడాదికి రెండు సీజన్లు. ఒకటి చలికాలం. రెండోదాని పేరే మాన్‌సూన్ సీజను, జులై నుంచి అక్టోబరు దాకా నడుస్తుంది. అంటే సగం పందేలు వానను నెత్తిన పెట్టుకునే జరుగుతాయి. బొంబాయి క్లబ్బు వానాకాలంలో మహాలక్ష్మి మైదానం వదిలి పుణేకు తరలిపోతుంది. 1847లో పుట్టిన కలకత్తా టర్ఫ్ క్లబ్బూ వానాకాలంలో పందేలు నడుపుతుంది. కాబట్టి తడి ట్రాకు మన దగ్గర అరుదైన వింతేమీ కాదు, క్లబ్బులు దాన్ని కొలుస్తాయి కూడా. పెనెట్రోమీటర్ అని ఒక పరికరం ఉంది. నిర్ణీత బరువును నిర్ణీత ఎత్తు నుంచి ఒక కడ్డీ మీద జారవిడిచి, ఆ కడ్డీ నేలలోకి ఎంత దిగిందో చూస్తారు. ఆ అంకెను పందేలకు ముందే ప్రకటిస్తారు. లోపలి కంచె పక్కన గడ్డి మరీ దెబ్బతినకుండా కొన్ని మీటర్లు బయటికి తాత్కాలిక కంచె కడితే, దాన్నీ చెబుతారు. ఈ 'ముందే ప్రకటిస్తారు' అన్న సంగతిని గుర్తు పెట్టుకోండి, నా వాదన చాలావరకు దాని మీదే నిలబడి ఉంది.

నేల తడిస్తే గుర్రానికి ఏమవుతుంది? పరుగుపందెం గుర్రం నాలుగున్నర, ఐదు క్వింటాళ్ల జంతువు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో దూకేటప్పుడు కొన్ని క్షణాలు ఆ బరువంతా ఒక్క కాలి మీద పడుతుంది. ఆ క్షణంలో గిట్ట మీద పడే ఒత్తిడి గుర్రం బరువుకు రెండు రెట్లు దాటుతుంది. మట్టి రేణువుల మధ్య సందుల్లో నీరు నిండినకొద్దీ నేలకు పట్టు తగ్గుతుంది, గిట్ట లోతుకు దిగుతుంది, దాన్ని పైకి లాగడానికి బలం ఖర్చవుతుంది. దూరం అంతే ఉన్నా అలసట పెరుగుతుంది. వీపు మీద మోసే బరువు ఒక్కో కిలో ఎండ రోజుకంటే ఎక్కువగా బాధిస్తుంది. చివరి రెండు ఫర్లాంగుల్లో మెరుపులా దూసుకొచ్చే అలవాటున్న గుర్రానికి ఆ మెరుపు రాదు. వెనక వచ్చే గుర్రాల కళ్లలో, జాకీల కళ్లజోళ్ల మీద బురద పడుతుంది. మధ్యాహ్నం మొదటి పందెం నాటికి బాగున్న లోపలి కంచె పక్కదారి సాయంత్రం ఆరో పందెం నాటికి దున్నిన చేనైపోతుంది, తెలిసిన జాకీ గుర్రాన్ని బయటికి తిప్పుతాడు. అయితే తడి అంతా ఒక రకం కాదు. పైన నీళ్లు నిలిచి అడుగు గట్టిగా ఉన్న ట్రాకు మీద గుర్రాలు ఆశ్చర్యం కలిగించేంత వేగంగా పరిగెత్తుతాయి. వాన వెలిసి, ఎండ కాసి, సగం ఆరిన నేల జిగురుగా పట్టుకుంటుంది, అదే అన్నిటికంటే కష్టం. లోకో పైలట్లకు ఈ మాట వింతగా ఉండదు. దుమ్ము పట్టిన పట్టా మీద పడే సన్న జల్లు చక్రాన్ని జార్చినంతగా, పట్టాను శుభ్రంగా కడిగేసే జడివాన జార్చదు.

ఇదంతా విన్నాక ఇంత శాస్త్రం ఉన్నప్పుడు తెలిసినవాడు గెలవడా అనిపించడం సహజం. ఇక్కడే మొదటి చిక్కు ఎదురవుతుంది. వాన నేలను మార్చడంతోపాటు పందెంగాడి చేతిలో ఉన్న సమాచారపు విలువను కూడా తగ్గిస్తుంది. ఒక గుర్రం గురించి మనకు తెలిసేది దాని పాత పరుగుల వల్ల. అది పదిసార్లు పరిగెత్తి ఉంటే అందులో ఎనిమిదో తొమ్మిదో పొడి నేల మీదే అయి ఉంటాయి. బాగా తడిసిన నేల మీద ఒకటో రెండో, ఒక్కోసారి ఒక్కటీ ఉండదు. ఆ ఒకటీ అరా పరుగులోనూ మూడో స్థానంలో వస్తే అది బురద వల్లా, ఆ రోజు జాకీ వల్లా, ఎదుటి గుర్రాలు నాసిరకం కావడం వల్లా అన్నది తేల్చలేం. దాంతో మనిషి కథల్లోకి దిగుతాడు. దీని తండ్రి బురదలో గెలిచాడు, దీని గిట్ట వెడల్పు, ఇది అడుగు ఎత్తి వేస్తుంది అంటూ. అందులో కొన్ని నిజాలూ ఉండవచ్చు. కానీ పొడి రోజున తొమ్మిది పరుగుల మీద నిలబడ్డ అంచనా, తడి రోజున ఒక పరుగు మీదా ఒక కథ మీదా నిలబడుతుంది. అంచనా బలహీనపడ్డ రోజునే నమ్మకం బలపడటం విచిత్రమే.

పోనీ, మీ అంచనా సరైనదే అనుకుందాం. అప్పుడైనా డబ్బు వస్తుందా? లెక్క వేసి చూద్దాం. ఒక గుర్రం గెలిచే అవకాశం ఎండ రోజున పదింటికి ఒకటి. అందరి పందేల సొమ్మూ ఒక కుప్పగా పోసి, క్లబ్బు తన ఖర్చుల కింద నూటికి ఇరవై తీసుకుని, మిగిలింది గెలిచినవాళ్లకు పంచుతుందనుకుందాం. జనం అంచనా సరిగ్గా ఉంటే ఈ గుర్రం మీద రూపాయికి ఎనిమిది రూపాయలు వస్తాయి. వంద రూపాయల చొప్పున పదిసార్లు కాస్తే వెయ్యి ఖర్చు, ఒకసారి గెలుపు, ఎనిమిది వందలు చేతికి. అంటే వందకు ఎనభై. ఇప్పుడు వాన పడింది. ఈ గుర్రం బురదలో దిట్ట, దాని అవకాశం రెట్టింపై ఐదింటికి ఒకటైంది. మీకు ఆ సంగతి తెలుసు. చుట్టూ ఉన్నవాళ్లకూ తెలుసు, వాన అందరి నెత్తిన పడింది కదా, పెనెట్రోమీటర్ అంకె అందరూ చూశారు కదా. సొమ్ము ఆ గుర్రం మీదికి మళ్లుతుంది, రూపాయికి ఎనిమిది కాస్తా నాలుగవుతుంది. ఐదుసార్లు కాస్తే ఐదు వందల ఖర్చు, ఒకసారి గెలుపు, నాలుగు వందలు చేతికి. మళ్లీ వందకు ఎనభై! వాన వచ్చింది, నేల మారింది, గుర్రం అవకాశం రెట్టింపైంది, మీ అంచనా అక్షరాలా నిజమైంది, మీ నష్టం మాత్రం పైసా కూడా కదల్లేదు. జనం మరికాస్త ఉత్సాహపడి రేటును మూడున్నరకు దించితే డెబ్బైయే వస్తుంది, అంటే వాన వల్ల నష్టం పెరిగింది. నష్టం లేకుండా బయటపడాలంటేనే ఆ గుర్రం అవకాశం ఐదింటికి ఒకటి కాదు, నాలుగింటికి ఒకటి అని తెలియాలి, ఆ సంగతి జనానికి తెలియకూడదు. వాన పడిందని తెలియడం వేరు, వాన వల్ల ఎంత మారిందో జనం కంటే బాగా తెలియడం వేరు. పందెంలో డబ్బు ఇచ్చేది రెండోదొక్కటే.

మాకు ముందే తెలుస్తుందండీ, ఫోనులో రాడారు బొమ్మ చూసి మేఘం వస్తోందని జనం కంటే గంట ముందే కాస్తాం అనేవాళ్లుంటారు. క్లబ్బు కుప్పలో, అంటే టోట్‌లో, ఆ గంట ముందుకు విలువ లేదు. మీరు ఎప్పుడు కాసినా మీకు వచ్చేది పందెం మొదలయ్యే ముందు కౌంటరు మూసేసరికి తేలిన రేటే. వాన పడ్డాక మిగతావాళ్లు వచ్చి అదే గుర్రం మీద కాస్తే మీ వాటా కూడా వాళ్లతోపాటే తగ్గుతుంది. రేటును అక్కడికక్కడ ఖాయం చేసేది బుకీ. అక్కడ ముందుచూపుకు కొంత విలువ ఉంటుంది, కాదనను. కానీ బుకీ కూడా ఆకాశం చూస్తాడు. పైగా పూట గడవడానికి చూస్తాడు కాబట్టి మనకంటే శ్రద్ధగా చూస్తాడు. మబ్బు పట్టిన రోజున అన్ని గుర్రాల రేట్లలోనూ తన రక్షణ కోసం కాస్త కాస్త కోసుకుంటాడు. వానతో పాటు వచ్చే మరో తంటా, తమ గుర్రానికి ఈ నేల సరిపడదని కొందరు ట్రైనర్లు చివరి నిమిషంలో వెనక్కి తీసుకోవడం. పన్నెండు గుర్రాల పందేన్ని మనసులో పెట్టుకుని వేసిన లెక్క ఎనిమిది గుర్రాల పందేనికి పనికిరాదు.

దీనికి ఎదురు వాదం ఒకటి తరచుగా వినిపిస్తుంది. బురదలో ఎవరూ ఊహించని గుర్రాలు గెలుస్తాయి, కాబట్టి వాన రోజున ఫేవరెట్‌ను వదిలి ఎక్కువ రేటున్న గుర్రం మీద కాయాలి అని. సాక్ష్యంగా అమెరికాలోని కెంటకీ డర్బీని చూపిస్తారు. 2009లో బురద ట్రాకు మీద మైన్ దట్ బర్డ్ అనే గుర్రం ఒకటికి యాభై రేటుతో గెలిచింది. 2019లో మళ్లీ బురదే, ఒకటికి అరవై ఐదు రేటున్న కంట్రీ హౌస్‌కు విజయం దక్కింది. ఈ రెండూ జనం నోళ్లలో నానుతున్నాయి. కానీ ఈ శతాబ్దంలో 2025 దాకా బురద ట్రాకుగా అధికారికంగా నమోదైన మిగతా డర్బీలను కూడా వరసలో పెట్టండి. 2004లో స్మార్టీ జోన్స్, 2013లో ఆర్బ్, 2018లో జస్టిఫై. మూడూ ఫేవరెట్లే. అందులో 2018 ఆ డర్బీ చరిత్రలోనే అత్యంత ఎక్కువ వాన పడ్డ రోజు. 2010లో సూపర్ సేవర్ ఒకటికి ఎనిమిది, 2025లో సావరిన్టీ ఒకటికి ఏడు, అంటే మరీ అనామకాలేమీ కాదు. ఏడింటిలో మూడు ఫేవరెట్లు గెలిస్తే ఫేవరెట్లకు బురద కలిసిరాలేదని ఎలా అంటాం? ఇక 2019లో గీత ముందు దాటింది కంట్రీ హౌస్ కాదు, మాక్సిమమ్ సెక్యూరిటీ. అది పక్క గుర్రాలకు అడ్డం వచ్చిందని ఇరవై నిమిషాలకు పైగా వీడియోలు చూసి న్యాయనిర్ణేతలు దాన్ని తప్పించారు. ఆ ఫలితాన్ని తేల్చింది న్యాయనిర్ణేతల గది. మరో వైపు చూస్తే, 2005లో జియాకోమో ఒకటికి యాభైతోనూ, 2022లో రిచ్ స్ట్రయిక్ ఒకటికి ఎనభైతోనూ గెలిచినవి శుభ్రమైన పొడి ట్రాకు మీదే. అక్కడి మట్టి ట్రాకుకూ మలక్‌పేట పచ్చికకూ తేడా ఉందన్నది సరైన ఆక్షేపణే, ఏడు పందేల నుంచి సూత్రం తీయకూడదన్నదీ సరైనదే. ఆ రెండు ఆక్షేపణలూ బురద సిద్ధాంతం చెప్పేవాళ్లకే ముందుగా వర్తిస్తాయి. వాళ్లు సూత్రం తీసింది రెండు పందేల నుంచి.

ఇక్కడ కొంచెం పాత చరిత్రలోకి వెళ్తాను, అది బిలాస్‌పూర్‌కు దూరమేమీ కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని కలకత్తా వైపు కలిపిన రోజుల్లోనే, కలకత్తా బుర్రాబజారులో గుర్రం అవసరం లేని పందెం ఒకటి జోరుగా సాగేది. ఫలానా గడువులోగా మిద్దె మీద పడ్డ వాన నీరు తూము గుండా పొంగి పారుతుందా లేదా, అంతే. మబ్బును చదవగలమని పేరు పడ్డవాళ్లు ఉండేవాళ్లు, గడియ గడియకూ రేట్లు మారేవి. 1897లో బెంగాల్ ప్రభుత్వం చట్టం చేసి ఈ వాన జూదాన్ని నిషేధించింది. అదే కలకత్తాలో మైదానం మీద గుర్రప్పందేలు మాత్రం దర్జాగా సాగాయి. దొరల సరదాకు ఒక న్యాయం, బజారు సరదాకు ఒక న్యాయమా అన్న ప్రశ్న అప్పుడూ సబబే, ఇప్పుడూ సబబే. అయినా ఆ తేడాకు స్వతంత్ర భారతంలో గట్టి న్యాయశాస్త్ర పునాది పడింది. తమిళనాడు 1974లో గుర్రప్పందేలను రద్దు చేస్తూ చేసిన చట్టం మీద మద్రాస్ రేస్ క్లబ్బు తరఫున సాగిన వ్యాజ్యంలో, 1996 జనవరి 12న సుప్రీంకోర్టు గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యానికి సంబంధించిన ఆట, జూదం కాదు అని తేల్చింది. గుర్రం శక్తి, జాకీ సామర్థ్యం, మోసే బరువు, దూరం వంటివి తూచి చూసి అంచనా వేయవచ్చన్నది అందులోని తర్కం. అంతకుముందు 1967లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో పదమూడు ముక్కల రమ్మీ గురించి అదే కోర్టు ఇలాంటి మాటే అంది. హైకోర్టు ఉన్న ఊరివాళ్లు, మీకు ఈ తీర్పుల బరువు నేను చెప్పనక్కర్లేదు.

ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. కానీ దాన్ని పందెంరాయుళ్లు చదివే తీరుతో ఉంది. ఆటలో నైపుణ్యం పాలు ఎక్కువ అన్నంత మాత్రాన కాసేవాడికి లాభం వస్తుందని కోర్టు హామీ ఇవ్వలేదు. పైగా ఆ నైపుణ్యం దేని మీద నిలబడిందో చూడండి: గుర్రం గత చరిత్ర, బరువు, దూరం, జాకీ. వాన ఎక్కువైనకొద్దీ చెల్లకుండా పోయేవి అవే. సన్న జల్లు పడ్డ రోజున వాటికి ఇంకా విలువ ఉంటుంది. ఒక పందేనికీ మరో పందేనికీ మధ్య కుండపోత కురిసిన రోజున ఫలితాన్ని నిర్ణయించేది ఏ గుర్రం ఎక్కడ జారింది, ఏ దారి ఎంత చితికింది అన్నదే. నా దృష్టిలో వాన పెరిగినకొద్దీ మలక్‌పేట పందెం బుర్రాబజారు పందేనికి దగ్గరవుతుంది. చట్టం దృష్టిలో పేరు మారకపోవచ్చు. లోపలి సరుకు మారుతుంది.

మరి లెక్కలతో గెలిచినవాళ్లు లేరా? ఉన్నారు, వాళ్లను దాటేసి వెళ్లడం న్యాయం కాదు. అమెరికా నుంచి వచ్చిన బిల్ బెంటర్ 1980ల నడిమి నుంచి హాంకాంగ్‌లో కంప్యూటరు నమూనాతో గుర్రప్పందేలు కాసి కోట్లకు కోట్లు సంపాదించాడు. 1994లో తన పద్ధతిని వివరిస్తూ ఒక పత్రం కూడా ప్రచురించాడు. అందులో మనకు పనికొచ్చేది ఆయన గెలుపు కంటే ఆయన తెలుసుకున్న సంగతి. గుర్రాల గురించి సేకరించిన వివరాలన్నీ కలిపి కట్టిన నమూనా ఒంటరిగా నిలబడేంత గట్టిది కాదు. జనం కాసిన సొమ్ము వల్ల తేలిన రేటును కూడా ఆ నమూనాలో కలిపాకే లాభం కనిపించింది. అంటే ప్రపంచంలోనే పేరున్న పందెంగాడు కూడా జనం రేటులో తనకు తెలియనిదేదో ఉందని ఒప్పుకుని మొదలుపెట్టాడు. హాంకాంగ్‌లో ఒకే గుర్రాల గుంపు రెండే మైదానాల మీద మళ్లీ మళ్లీ పరిగెడుతుంది. ప్రతి పరుగు లెక్కా దొరుకుతుంది. కుప్పలో సొమ్ము అపారం. అలాంటి చోట ఒక జట్టు ఏళ్ల తరబడి పనిచేసి సంపాదించిన సన్నని ఆధిక్యాన్ని, ఆదివారం మధ్యాహ్నం మబ్బు చూసి వచ్చే ధీమాతో ఒకే గాటన కట్టలేం.

పన్నులు కలిపితే సంగతి ఇంకా తేటపడుతుంది. గుర్రప్పందెం పూర్తి విలువ మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది. ఇందాకటి లెక్కలో వంద రూపాయల పందేనికి సగటున ఎనభై తిరిగి వస్తుందన్నాం. ఆ వంద మీద నలభై పన్ను కలిపితే 140 పెట్టి 80 తెచ్చుకోవడం అవుతుంది. రూపాయికి నాలుగు వచ్చే గుర్రం మీద నష్టం లేకుండా తేలాలంటే దాని అవకాశం నూటికి ముప్ఫై ఐదు ఉండాలి, జనం మాత్రం దాన్ని నూటికి ఇరవై అనుకుంటూ ఉండాలి. అంత పెద్ద పొరపాటు జనం చేస్తున్నారని, తనొక్కడే చేయడం లేదని నమ్మాలంటే చాలా ధైర్యం కావాలి. గెలిచిన సొమ్ము మీద 30 శాతం ఆదాయపన్ను వేరే ఉంది. ఓడిన పందేలను అందులో తగ్గించి చూపుకోవడం కుదరదు.

ఇప్పుడు మొదట అన్న మాటకు వస్తాను. వాన గురించి రైల్వేకు తెలిసినంతగా మరే సంస్థకూ తెలియదంటే అతిశయోక్తి కాదు. వంతెన స్తంభాల మీద ప్రమాద మట్టం గుర్తు ఉంటుంది. వానాకాలం రాత్రుళ్లు ట్రాక్‌మన్లు లాంతరు పట్టుకుని గస్తీ తిరుగుతారు. కట్ట మెత్తబడిందన్న అనుమానం రాగానే కాషన్ ఆర్డర్ వెళ్తుంది, కోర్బా బొగ్గు బండి అయినా తిరుపతి ఎక్స్‌ప్రెస్ అయినా ఆ ముక్క మీద మెల్లగా నడవాల్సిందే. చక్రం జారితే ఇంజను ఇసుక చల్లుకుంటుంది. ఇన్ని దశాబ్దాల అనుభవం ఉంది కదా, ఈ కట్ట సంగతి మాకు తెలుసు అని వేగం పెంచిన రైల్వే ఎక్కడా లేదు. అనిశ్చితి పెరిగిందని గుర్తించడమే ఇక్కడ జ్ఞానం, ఆ జ్ఞానం చేయించే పని వేగం తగ్గించడం. పందెంగాడు అదే వానను, అదే మెత్తబడ్డ నేలను చూసి పందెం పెంచుతాడు. రైలు ఆలస్యమైనా నడిచి తీరాలి, గుర్రం మీద కాసి తీరాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. కాబట్టి ఈ పోలిక పందెంగాడికి నేను చెప్పినంత కంటే కూడా ప్రతికూలంగానే ఉంటుంది.

గుర్రప్పందెం మాకెందుకు, మేం క్రికెట్టు మీద చిన్న చిన్న మొత్తాలే పెడతాం అనే కుర్రవాళ్లకు కూడా ఈ లెక్క వర్తిస్తుంది. అక్కడా మంచు పడుతుందనీ, వాన అంతరాయం వస్తుందనీ, టాస్ గెలిచినవాడిదే ఆట అనీ ఇలాంటి ధీమాలే. మన రాష్ట్రంలోని భిలాయి పేరుతో ముడిపడ్డ మహాదేవ్ బుక్ యాప్ సంగతి అందరికీ తెలిసిందే. ఈడీ దర్యాప్తు సాగుతుండగా 2023 నవంబరులో కేంద్రం దానితో కలిపి ఇరవై రెండు చట్టవిరుద్ధ బెట్టింగు యాప్‌లు, సైట్లను మూయించింది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ కేంద్ర చట్టమే వచ్చింది. చట్టాన్ని పక్కన పెట్టి చూసినా, లైసెన్సున్న క్లబ్బులో కనీసం కోత ఎంతో, నేల అంకె ఎంతో బయట పెడతారు. దొంగ యాప్‌లో రేటు ఎవరు ఎందుకు మార్చారో అడిగే దిక్కు లేదు.

ఇంత చెప్పినా, లేదు, తడి నేల మీద నా అంచనా జనం కంటే మెరుగే అని ఎవరికైనా గట్టిగా అనిపిస్తే, దాన్ని పైసా ఖర్చు లేకుండా పరీక్షించుకునే దారి ఉంది. జులైలో మలక్‌పేట సీజను మొదలయ్యాక, తడి నేల ప్రకటించిన ప్రతి పందెంలోనూ రేటు చూడకముందే మీ గుర్రం పేరు, దాని అవకాశం నూటికెంతో కాగితం మీద రాసుకోండి. తర్వాత ముగింపు రేటు, ఫలితం పక్కన రాయండి. సీజనులో అలాంటి పందేలు ముప్ఫై దొరికాయనుకుందాం, మీరు రాసిన గుర్రాలన్నీ రూపాయికి నాలుగు ఇచ్చేవే అనుకుందాం. జనం అంచనానే సరైనదైతే ముప్ఫైలో ఆరు గెలవాలి. మీరు పన్నులు కాకుండానే నష్టం లేకుండా తేలాలంటే ఏడో ఎనిమిదో గెలవాలి. చిక్కేమిటంటే, ఆరు రావాల్సిన చోట కేవలం అదృష్టం వల్ల రెండు రావచ్చు, పది కూడా రావచ్చు. పది వచ్చిన సీజను చివర ఎవరైనా తనను తాను వాన జోస్యుడనే అనుకుంటాడు. ఆరుకూ ఏడున్నరకూ మధ్య తేడా నైపుణ్యమా, అదృష్టమా అని కాస్త నమ్మకంగా చెప్పాలంటే రెండు వందల యాభైకి పైగా తడి పందేల లెక్క కావాలి. సీజనుకు ముప్ఫై చొప్పున ఎనిమిది వానాకాలాలు దాటుతాయి. మొదటి ఏడాది మీరు పేరు రాసుకున్న గుర్రాలు ఆ పాటికి పందేలు మానేసి ఏళ్లై ఉంటుంది.